బోడి దొర మీద అర్జీ

రేపల్లెలో బస్సు కదలకముందే సారా ముగ్గురికీ వంతులు వేసేసింది. బాపట్ల కలెక్టరాఫీసులో ముందు తను మాట్లాడుతుంది. తర్వాత ఏసమ్మ ఏడవాలి. చివర్లో కమలమ్మ తన అర్జీ ఇవ్వాలి.

"నేనెందుకే ఏడవడం?" అంది ఏసమ్మ.

"నీకు బాగా వచ్చుగా."

"ఆ బొమ్మను తలుచుకుంటే నాకు నవ్వొస్తది గానీ ఏడుపెక్కడొస్తదే?"

"అదిగో, ఆ నవ్వే వద్దంటున్నా. నవ్వబట్టే కదా ఇంతదాకా వచ్చింది!"

కమలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మడిచిన కాగితం గుప్పిట్లో ఉంది.

ఆ బొమ్మ పేరు బోడి దొర. ఇంగ్లండులో ఎవరో గీసిన బొమ్మల కథ. నున్నటి గుండు, నోట్లో పైపు, చేతిలో కర్ర. రాజుగారి కిరీటాన్ని బోర్లించిన సత్తుగిన్నె అంటాడు. చర్చిలో ప్రసంగం మొదలవగానే గురక పెడతాడు. పెళ్ళాన్ని తిట్టకుండా గుక్కెడు టీ తాగడు. మొదట్లో ఫోన్లలోనే వచ్చేది. తెనాలిలో కొందరు కూడి దానికి తెలుగులో డబ్బింగ్ చెప్పించారు. దాంతో ఇంగ్లండు దొర కాస్తా కోపమొస్తే ముక్కుతో సాగదీస్తూ "నీ పిండం కాకులకెట్టా" అనడం మొదలెట్టాడు. జనం పడీపడీ నవ్వారు.

ఆ నవ్వులు చూసి ఒక టీవీ ఛానెల్ దాన్ని కొనేసింది. ఫోన్లలో ఉన్నవన్నీ తీయించేసి, రోజూ సాయంత్రం ఆరింటికి వేయడం మొదలెట్టింది. పిల్లలు చూసే వేళ కాబట్టి తిట్టు వచ్చినచోటల్లా అది వినపడకుండా 'కుయ్'మని ఒక కూత పెట్టారు. ఊరి చర్చి సంఘంలోని స్త్రీల సమాజం ఉత్తరం రాస్తే ఇంకాస్త పెంచారు. ఇప్పుడు దొర నోరు తెరిస్తే మాట తక్కువ, కూత ఎక్కువ.

అప్పట్నుంచే కమలమ్మకు అన్నం సయించడం లేదు.

ఆరయ్యేసరికి తలుపు వేసుకుని టీవీ ముందు కూర్చునేది. ఒకరోజు సారా కిటికీలోంచి చూసి బిత్తరపోయింది.

"అక్కా! నువ్వు కూడానా?"

"ఎన్ని కూతలు పడతాయో చూస్తున్నా. నిన్న ఇరవై రెండు. ఇవాళ ముప్పై ఆరు" అంది కమలమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దీన్నిలా వదలకూడదే సారా. ఎవరికి చెప్పుకోవాలి?"

సారాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్ళు సంఘపెద్దగా ఉన్న జకరయ్య భార్య. అంతకంటే బలమైన మనిషి ఎవరు దొరుకుతారు?

అర్జీ రాసిపెట్టనా అని కమలమ్మ మనవరాలు క్రిస్టినా అడిగింది. కమలమ్మ ఒప్పుకోలేదు. భర్త పోయాక ఆ పిల్ల దగ్గరే అక్షరాలు దిద్దుకుంది. నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాసింది ఎవరికీ చూపించలేదు.

బస్సు చెరుకుపల్లి దాటింది.

"జకరయ్య బావగారు ఉంటేనా, ఆ టీవీని తీసుకెళ్ళి కాలవలో పారేసేవారు. ఆయన నోట ఒక్క చెడ్డ మాట విన్నామా?" అంది సారా.

"ఆయన ప్రార్థన చేస్తే రాళ్ళు కరిగేవి" అంది ఏసమ్మ. "పాపం, చివర్లో కళ్ళ వైద్యానికని తెనాలి ఎన్నిసార్లు తిరిగారో. అంత తిరిగినా అద్దాలైనా మారలేదు."

కమలమ్మ గుప్పిట తెరిచింది. కాగితం చించేద్దామని ఒకసారి విప్పింది. మళ్ళీ మడిచింది.

"భయమా వదినా?" అంది ఏసమ్మ.

"తప్పులున్నాయేమోనని."

"దిద్దడానికి వాళ్ళేమన్నా పంతుళ్ళా?"

సోమవారం కావడంతో బాపట్లలో అర్జీలవాళ్ళు బారులు తీరి ఉన్నారు. పింఛన్లు, పట్టాలు, గట్టు తగాదాలు. వీళ్ళ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. బల్ల వెనక వాగ్దేవి అనే చిన్న వయసు అధికారి కూర్చుని ఉంది. సారా ఆవేశంగా చెప్పుకుపోయింది.

"ఇంతకీ ఆ బొమ్మ ఏమంటుందండి?" అంది వాగ్దేవి.

ఏడవాల్సిన ఏసమ్మ ముందుకొచ్చింది. నడుం వంచి, లేని కర్ర ఊపుతూ దొర పెళ్ళాన్ని తిట్టే తిట్లన్నీ వరసపెట్టి తిట్టింది. వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. పింఛను ఆగిపోయిందని వచ్చిన ముసలాయన కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. సారా ఏసమ్మ జబ్బ మీద గిల్లింది.

"పూర్తిగా ఆపేయమంటారా?"

"ఆపేయాలండి. నలభై మందిమి సంతకాలు పెట్టాం."

"నా చేతుల్లో లేదు గానీ, పైకి పంపిస్తానండి" అని వాగ్దేవి ఆ సంతకాల కాగితం పక్కన పెట్టుకుంది. "మీదేంటమ్మా?"

కమలమ్మ గుప్పిట తెరుచుకోలేదు. సారాయే ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మా సంఘపెద్దగారి భార్యండి. సొంత దస్తూరీ. కాస్త గట్టిగా చదవండి మేడం, అందరూ వినాలి."

వాగ్దేవి ముందు మనసులో చదువుకుంది. చిరునవ్వు ఆగిపోయింది. తలెత్తి కమలమ్మ వైపు చూసింది.

"గట్టిగానే చదవమంటారా అమ్మా?" అంది మెల్లగా.

కమలమ్మ సారాను చూసింది. ఏసమ్మను చూసింది. వచ్చే ఆదివారం ఈ మాట చర్చి నిండా తిరుగుతుంది. ఒక మంచి పేరు, ముప్పై ఏళ్ళది.

"చదవండమ్మా" అంది.

వాగ్దేవి గొంతు సవరించుకుంది.

"అయ్యా, బోడి దొరను ఆపొద్దు, తిట్టు వచ్చినచోటల్లా వేస్తున్న ఆ కూత మాత్రం తీసేయించండి, దాని కింద ఉన్నది చనిపోయిన మా ఆయన జకరయ్య గొంతు."