బోణీ చెయ్యి

తిరువూరు మామిడికాయల వ్యాపారి సతీష్‌కుమార్ ఏ బేరమైనా తన వ్యాను డ్రైవర్ జమీల్‌తోనే బోణీ చేయిస్తాడు. జమీల్ చెయ్యి మంచిదని అతని నమ్మకం.

ఒక క్రిప్టో కాయిన్ త్వరలో కూలిపోతుందని సతీష్‌కుమార్‌కు గట్టి కబురు అందింది. కూలితే లాభం వచ్చేలా పందెం కాయాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడి, ఈ పొద్దున కొట్టు తెరవగానే ఫోన్ జమీల్ ముందు పెట్టాడు.

"ఇక్కడ నొక్కు."

జమీల్ అల్లాను తలుచుకుని నొక్కాడు. తెరమీద కాయిన్ పేరు చూడగానే అతని మొహం విప్పారింది.

"ఇదాండీ? ఆటో కొందామని దాచిందంతా నేనూ ఇందులోనే పెట్టానండి. ఉంచాలో తియ్యాలో తెలీక భయపడి చస్తున్నా."

సతీష్‌కుమార్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"పెరుగుతుందనే కదండీ మీరు పెట్టింది?"

బోణీ వేళలో 'కాదు' అన్న మాట నోట రాకూడదనేది తాతల నాటి నుంచి ఆ కొట్టు కట్టుబాటు. సతీష్‌కుమార్ తలూపాడు.

"అయితే ఇంక తియ్యనండి. మా ఆవిడ గాజులు కుదువపెట్టి అదీ వేసేస్తా."

ఎప్పటిలాగే బోణీ చేసినందుకు సతీష్‌కుమార్ వంద కాగితం ఇచ్చాడు. జమీల్ దాన్ని కళ్ళకద్దుకుని, గాజుల కోసం ఇంటికి బయల్దేరాడు.