తక్కువ మార్కులు

"బీపీ పెరిగింది కదా, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే మార్కర్లు చూస్తామండీ," అంటూ నర్సు ఏడోనెల గర్భిణి చేతినుంచి రక్తం తీసింది.

పక్కనే ఉన్న ఆ గర్భిణి తల్లి గబుక్కున ముందుకు వంగింది. "మార్కులా? ఎన్నొస్తే పాసమ్మా?"

"తక్కువొస్తేనే మంచిదండీ."

కూతురు పకపకా నవ్వింది. "చిన్నప్పట్నుంచీ తక్కువ మార్కులకే తిట్టావుగా. ఇప్పుడవే రావాలని మొక్కుకో!"

"నోర్ముయ్. నీకు ఫిట్సొస్తేనో? కడుపులో బిడ్డకేమన్నా అయితేనో?" అంటూనే తల్లి నాలుక్కరుచుకుంది. "సరేలే, ఇక భయపడను."

కూతురు నవ్వు ఆగిపోయింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలా అనకమ్మా. నువ్వు భయపడ్డం ఆపేస్తే నేను మొదలుపెట్టాలి."

తల్లి కళ్లు తుడుచుకుని, నర్సు వైపు తిరిగింది.

"ఏమ్మా, సూది గుచ్చినచోట అలా కందిందేం?"