గాలి మీద నిలిచే కారు

“ఆగమ్మా! ఆ కారు ముట్టుకోకు!”

గేటు అవతలి నుంచి వచ్చిన కేకకు వదిన చెయ్యి కారు తలుపు దగ్గరే ఆగిపోయింది.

కారు కింద పడుకున్న గడియారాల రిపేరు మనిషి పాక్కుంటూ బయటికి వచ్చాడు. మోచేతుల దాకా సబ్బు నురగ.

గేటు దగ్గర ఒక ముసలాయన. చాలా దూరం నడిచినట్టు చెప్పుల నిండా దుమ్ము.

“కింద మనిషి ఉన్నప్పుడు తలుపు తీయకూడదు బాబూ. తలుపు తీస్తే ఈ రకం కారు నిద్ర లేస్తుంది. ఎత్తు సరిచేసుకుందామని కిందికి దిగుతుంది.”

“మీరెవరండీ?” అడిగాడు రిపేరు మనిషి.

“దారిన పోయేవాణ్ణి.”

“అయితే దారినే పోండి మరి,” అంది వదిన. హడలిపోయినందుకు ఆమెకు కోపం వచ్చింది.

పాతికేళ్ల కిందట కోటీశ్వరులు తిరిగిన కారు అది. దానికి స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు సంచులు. గుంటలో పడ్డా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు.

గడియారాల మనిషి భార్యకు, అంటే వదిన చెల్లెలికి, వెన్నెముక నిండా జబ్బు. ఏ బండి ఎక్కించినా చిన్న కుదుపుకే ప్రాణం పోయినట్టు అరిచేది. చివరికి ఆసుపత్రికి రానంది. అందుకే ఉన్నదంతా ఊడ్చి దళారి దగ్గర ఈ కారు కొన్నాడు.

కొన్న వారానికే ఎడమ వెనుక పక్క కుంగడం మొదలైంది. విడిభాగాలు దొరకవని షెడ్డువాళ్లు చేతులెత్తేశారు. అతనే సబ్బునీళ్లు చల్లి, బుడగలు లేచిన చోటల్లా చిల్లు మూస్తున్నాడు. ఒకటి మూస్తే ఇంకొకటి.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. గేటు దాటేవాడు కాదు.

“జాకీని నమ్మకు బాబూ. కింద చెక్క దిమ్మెలు పెట్టుకో.”

“అలాగే, అలాగే.”

నాలుగో రోజు కిటికీ లోంచి భార్య పలకరించింది.

“ఎండలో ఎందుకు తాతగారూ? వచ్చి కారులో కూర్చోండి. పరుపులా ఉంటుంది.”

ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. “వద్దు తల్లీ. నేను కార్లు ఎక్కను.”

ఆయన వెళ్లాక వదిన మూతి తిప్పింది. “కారు ఎక్కనివాడు కారు పాఠాలు చెబుతాడట! కారు తనకిమ్మని అడిగిన ఆ పాత ఇనుము కొట్టువాడు పంపిన మనిషే మరిదిగారూ. మీరు విసిగిపోయి చవగ్గా తోసేస్తారని కాపలా.”

అతనికీ అలాగే తోచింది.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. ఈసారి తప్పితే ఇక రానక్కర్లేదని డాక్టరు ముందే చెప్పాడు.

ముందురోజు మధ్యాహ్నం అతను సబ్బునీళ్లు కలిపి తెచ్చేసరికి, కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

ముసలాయన కాళ్లు.

అతని ఒళ్లు మండిపోయింది. కాళ్లు పట్టి బయటికి లాగాడు.

“ఏం పీకుతున్నావయ్యా కింద?”

“పీకలేదు బాబూ, దిమ్మెలు...”

అతను వినలేదు. ఒక్క తోపు తోశాడు. ముసలాయన గేటు స్తంభానికి తగిలి పడ్డాడు. నెమ్మదిగా లేచాడు. తుంటి పట్టుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి మాత్రం ఒకసారి అన్నాడు:

“వాటిని తీయకు నాయనా.”

తీసే తీరిక అతనికి లేదు. పళ్లు కొరుక్కుంటూ కిందికి దూరాడు.

మరిది ఇంట్లో ఉన్నాడనుకుని వదిన దిండు పట్టుకుని వచ్చింది. చెల్లెలి వీపు కింద సరిపోతుందో లేదో చూద్దామని తలుపు తీసింది.

బుస్సుమంది.

జాకీ ఒరిగిపోయింది. కారు మొత్తం కిందికి వచ్చి, రెండు చెక్క దిమ్మెల మీద కూర్చుంది. అతని ఛాతీకి జానెడు పైన.

బయటికి వచ్చాక మొదట గేటు వైపు పరిగెత్తాడు. వీధి ఖాళీగా ఉంది.

కారు మళ్లీ లేవలేదు. మర్నాడు భార్యను వేరే బండిలోనే తీసుకెళ్లారు. దారి పొడవునా అరిచింది. పదకొండు రోజుల తర్వాత అరుపూ, ఊపిరీ ఆగిపోయాయి.

ఆ పదకొండు రోజులూ, ఆ తర్వాతా ముసలాయన రాలేదు.

నాలుగు నెలలకు కారును పాత ఇనుముకే ఇచ్చేశాడు. కాగితాలు ఇంకా పాత యజమాని పేరునే ఉన్నాయి, అక్కడి నుంచి సంతకం కావాలన్నారు. కాగితం మీది చిరునామా పట్టుకుని, ఊరి ఆ చివర ఉన్న ఇంటికి వెళ్లాడు.

ఒకామె తలుపు తీసింది. గోడ మీద రెండు ఫొటోలు. ఒకటి ఎవరో యువకుడిది.

రెండోది గేటు దగ్గరి ముసలాయనది.

“ఈయన...”

“మా మామయ్యగారండీ. పోయి మూడు నెలలైంది. తుంటి విరిగి మంచం పట్టారు. ఎక్కడో జారిపడ్డానన్నారు.”

“మా ఇంటికి వచ్చేవారమ్మా. ఎవరో ఏమిటో చెప్పేవారు కాదు.”

“అమ్మింది మేమే కదండీ. ఎవరు కొన్నారో కనుక్కుని, రోజూ అంత దూరం నడిచి వచ్చేవారు. వద్దన్నా వినలేదు.”

ఆమె సంతకం పెట్టి కలం మూసింది. తల ఎత్తకుండానే అంది:

“ఆ కారు కింద పోయింది మా ఆయనండీ. ఆయన కింద ఉన్నట్టు తెలియక తలుపు తీసి పైన ఎక్కి కూర్చున్నది మామయ్య.”