మెడ మీద గీత

"ఇంకా అవలేదా, ఆర్లీన్?" షెడ్డు గుమ్మంలోంచే కసిరాడు వెర్నన్ అన్నయ్య. "రేపే ఎల్క్ దుప్పుల వేట. నాన్న తుపాకీని దొంగలపాలు చేసినదానివని తెలిసీ నీకు పనిచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ."

తుపాకీ పోయిన రోజు తాళం వెయ్యనిది నేనేనని వీడు చెప్పాక, మూడేళ్లుగా అమ్మ నాతో మాట్లాడదు.

"మళ్లీ మందు కూరడానికని నువ్వు ఈ నెల కాల్చి ఇచ్చిన ఖాళీ తూటాలన్నీ అచ్చులో నొక్కి సైజుకి తెచ్చాను. గుండు కూర్చునే మెడలు నున్నగా చెక్కాను. ఒక్కటి ఆపాను."

"దానికేమొచ్చింది?"

"మెడ మీద గోరుతో తడిమి చూడు, గీత తగులుతుంది. నాన్న తుపాకీలో పేలిన ప్రతి తూటాకీ అక్కడే పడేది."

అన్నయ్య తడిమి చూడలేదు. చెయ్యి చాచాడు. "ఇలా తే. అదీ నేనే చెక్కేస్తాను."

దాన్ని జేబులో వేసుకున్నాను. "అమ్మ తడిమి చూస్తుంది."