మూడు చుట్లు

"కాళ్ల వైపు చూడొద్దండీ. ముందుకు చూడండి."

చెంగమ్మ గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని చెబుతోంది. ఆమె భర్త వెంకటపతి ఎడమ భుజం మీద ప్లాస్టిక్ బిందె పెట్టుకుని, గది మధ్యలో ఉన్న మంచం చుట్టూ నడుస్తున్నాడు. ఖాళీ బిందే. అయినా అడుగడుక్కీ మంచంకోడు కోసం తడుముకుంటున్నాడు.

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైగా మారిన ఏడాది అది. వెంకటపతికి డెబ్బై మూడేళ్లు. పెరంబూరు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. దీపావళికి ముందు స్టేషను మెట్ల మీద పడ్డాడు. అప్పటినుంచి నేల మీద నమ్మకం పోయింది.

ఆస్పత్రికి ఇద్దరూ వెళ్లారు. ఇద్దరూ చూపించుకున్నారు.

"ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది. ఇక లేవరు. చేతికర్ర వదలొద్దు" అన్నాడు డాక్టరు ఆయనతో.

ఇంటికి రాగానే చెంగమ్మ మంచాన్ని గది మధ్యకు లాగించింది. చేతికర్రను అటక ఎక్కించింది.

"కర్ర ఇయ్యవే" అన్నాడు వెంకటపతి మొదటిరోజు.

"ఆ రోజు కర్ర ఎట్లా పట్టుకుంటారు? రెండు చేతులకూ పని ఉంటుంది."

ఆయన బిందె అందుకున్నాడు.

పక్క పోర్షన్ లూర్దుమేరి రోజూ గుమ్మంలో నిలబడి చూసేది.

"ఏ కోవెలకు మొక్కుకున్నావక్కా? ఈ వయసులో ఆయన్ను ఎందుకిట్లా చంపుతావు? మా మాతకైతే ఒక్క కొవ్వొత్తి చాలు."

"మాకు కొవ్వొత్తి చాలదులే మేరీ" అంది చెంగమ్మ.

రెండో వారం బిందెలో పావువంతు నీళ్లు పోయించింది. అప్పుడే ఒక సంగతి కనిపెట్టింది. ఎవరైనా పలకరిస్తే చాలు, వెంకటపతి నిలిచిపోతున్నాడు. నోరు కదిలితే కాలు ఆగుతోంది. ఆగినచోటే తూలుతున్నాడు. ఆ రోజునుంచి ఆయన నడుస్తున్నంతసేపూ రేడియో గట్టిగా పెట్టింది. నడుమనడుమ ప్రశ్నలు వేసింది.

"అరపడి బియ్యానికి నీళ్లెన్ని?"

ఆయన ఆగాడు.

"ఆగొద్దు! ఆ రోజు చుట్టూ జనం తలో మాటా అంటారు. మీరు నడుస్తానే ఉండాల. చెప్పండి, నీళ్లెన్ని?"

"నువ్వు పక్కనుండి చెబతా ఉంటే నడుస్తాలే."

"నేను చెప్పకపోయినా నడవాల."

ఆదివారం మనలి నుంచి గిరి వచ్చాడు. చెంగమ్మ అన్న కొడుకు. పిల్లలు లేని ఆ ఇంటికి వాడే దిక్కు.

"అత్తా, నేనుండాను గదా. నేను మోస్తా. మామ పక్కన నిలబడితే చాలు."

"ఆయన నాకు మాటిచ్చినారురా."

"పడితే?"

"పడితే నువ్వు మొయ్యి. అందాకా ఆయనే."

"పడనురా" అన్నాడు వెంకటపతి, బిందె దించకుండానే.

ఎప్పుడూ లేనిది, గిరి వెళ్లేటప్పుడు అత్త కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

మూడో వారం మంచం చుట్టూ ఇసుక పోయించింది. అందులో ఇటుక ముక్కలు వేయించింది.

"ఆడ నేల ఇట్లా నున్నగా ఉండదు" అంది. తడి పంచె కట్టుకోమంది. పంచె పిక్కలకు అతుక్కుని అడుగు సాగనివ్వలేదు. బిందె ఈసారి నిండుగా ఉంది.

రెండో చుట్టులో, మలుపు దగ్గర, ఆయన మడమ కింద ఇటుక ముక్క దొర్లింది. బిందె ఒరిగింది. వెంకటపతి మోకాలి మీద కూలబడ్డాడు. ఒక చేయి మంచంకోడును పట్టుకుంది.

"అడి పావీ, పాపిష్టిదానా!" అని అరిచింది లూర్దుమేరి. "కట్టుకున్నవాడే గదా అక్కా! లేచి పట్టుకోవేం?"

చెంగమ్మ లేవలేదు. స్టూలు అంచుల మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి.

"లేవండి" అంది. అంతే.

ఆయన లేచాడు. మోకాలు దులుపుకున్నాడు. తనే బిందె నింపుకుని, భుజానికెత్తుకున్నాడు. రేడియో మోగుతోంది. ఒక చుట్టు. మలుపు దగ్గర చిన్నచిన్న అడుగులు. రెండో చుట్టు.

"అరపడి బియ్యానికి నీళ్లెన్ని?"

"పడిన్నర" అన్నాడు, ఆగకుండా.

మూడో చుట్టు.

"అయింది చెంగమ్మా!" ఆయన ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది. "మూడూ అయినాయి!"

"ఇంకొక్కసారి" అంది చెంగమ్మ. రేడియో కట్టేసింది. గోడ పట్టుకుని లేచింది. రొప్పుతూ, ఇసుకలో ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, మంచం మీద కాళ్లు చాపి పడుకుంది. చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు నా చుట్టూ తిరగండి," అంది, "మూడో చుట్టు కాగానే కుండ వెనక్కి వదిలేసి, చెయ్యి వెనక్కి చాపే నిప్పంటించి, నా వైపు తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేయండి."