షర్క్ తీరాన పాత ఓడ

“మామాకు చెప్పు తిరుపాలా. దావ పొడుగునా ఇరాక్ మిలిటరీ ఉంది. ఈ పొద్దు వద్దని చెప్పు,” అన్నాడు రామాంజులు, కారు ఎక్కకుండానే.

“నేను చెప్తే ఇంటాదా అన్నా? రోజూ చూస్తానే ఉండావు గదా,” అంది తిరుపాలమ్మ.

ఇద్దరిదీ కడప జిల్లానే. కువైట్‌లో, రుమైథియా అనే పేటలో ఒకే ఇంట్లో అతను డ్రైవరు, ఆమె వంటమనిషి. ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తారు. ఇరాక్ సైన్యం దిగాక వీధి వీధంతా ఖాళీ అయినా మామా మాత్రం కదల్లేదు. కొడుకు సుల్తాన్ సౌదీకి దాటిపోయాడని అడిగినవాళ్లందరికీ చెప్పేది. ఒంటరితనంతో ఆమెకు మతి చలించిందని తిరుపాలమ్మ అనుమానం. లేకపోతే ఇలాంటి రోజుల్లో ఎవరైనా పాత ఓడను చూడబోతారా?

షర్క్‌లో, జనం చూడ్డానికి ఒడ్డుకెక్కించి ఉంచిన కొయ్య ఓడ అది. ఒకప్పుడు మామా తండ్రి దానికి సరంగు. ఖర్జూరాలు మలబారుకు చేరవేసి, టేకు దుంగలు తెచ్చేవాడట.

ఓడ దగ్గర కాపలా ఉన్న ఇరాక్ సైనికుడు మామా చేతి సంచి విప్పించాడు. రొట్టెలు, నీళ్ల సీసా.

“పిల్లులకు,” అంది మామా.

“మనుషులకే తిండి లేదు,” అని ఒక రొట్టె తీసుకుని వదిలేశాడు.

ఎప్పటిలాగే మామా ఓడ వెనక్కి వెళ్లి, పలక ఊడిన సందులోంచి అవన్నీ లోపలికి జార్చింది. చెక్కకు చెంప ఆనించి ఇంటి సంగతులు గొణిగింది. ఈసారి ఆమె ఎంతకీ తిరిగి రాలేదు. సందులోకి మెల్లగా పిలిచింది. అరచెయ్యి ఎర్రబడేదాకా చెక్కను తట్టింది. సైనికుడు ఇటే చూస్తున్నాడు.

“యల్లా మామా, పోదాం,” అని తిరుపాలమ్మ ఆమెను దాదాపు ఈడ్చుకొచ్చింది.

కారులో మామా ముడుచుకుపోయి కూర్చుంది. కళ్లు తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

“ఒట్టి కొయ్య కోసం ఇంత ఏడుపా మామా?” అని విసుగు అణచుకుంటూ, తనకొచ్చిన అరబ్బీలో అడిగింది తిరుపాలమ్మ.

చెక్‌పోస్టు దాటాక మామా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది:

“లోపల సుల్తాన్ ఉన్నాడు, ఇవాళ పలకలేదు.”