ఆరని రంగు

"ఇగో, ఈడ గూడ తొక్కినయ్ చూడు," అంటూ రమాకాంత్ చేతికర్రతో పడవ అంచు చూపించాడు.

నిన్న వేసిన నీలం రంగు మీద అయిదు వేళ్ల ముద్ర. పక్కనే ఇంకొకటి. అక్కణ్ణుంచి కోతి జారినట్టుంది, మూరెడు పొడుగున రంగు లేచిపోయి చెక్క బయటపడింది. కొంగ రెట్ట, ఈకలు, దోమలు, పల్లి పొట్టు, ఎక్కడివక్కడ రంగుకు అతుక్కుని ఎండిపోయాయి. కావ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క రాత్రి ఆగలేవా బాపూ ఇవి?"

"కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది మన పడవ," అన్నాడు రమాకాంత్. "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. మన దుకాణంల రంగుకు కొదువనా? మల్ల గీకుదాం, మల్ల ఏద్దాం."

ఆయనది హనుమకొండ చౌరస్తాలో రంగుల దుకాణం. కూతురు అడిగితే లేదనడం ఆయనకు పుట్టుకతోనే రాదు. చదువుకునేటప్పుడు ఎన్‌సీసీలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్న కావ్య, మడికొండలో ఉద్యోగంలో చేరాక కూడా ఆ నీళ్లనే కలవరించేది. "నాకో పాత పడవ కొనియ్యి బాపూ" అందో లేదో, హైదరాబాద్‌లో ఎవరో మూలకు పడేసిన చెక్క పడవను లారీ మీద ధర్మసాగర్ తెచ్చి, చెరువు పక్కన తెలిసినవాళ్ల రేకుల షెడ్డులో దించాడు.

అప్పటి నుంచీ అడవి జీవాలన్నీ దాని మీదే పడ్డాయి. మొదట కందిరీగలు తుట్టె పెట్టాయి. తర్వాత మడతపెట్టిన తెరచాపలో గోరింక గుడ్లు పెట్టింది. "పిల్లలు ఎగిరిపొయ్యేదాంక ముట్టద్దు బిడ్డా, పాపం తగుల్తది" అన్నాడు రమాకాంత్. అవి ఎగిరిపోయాక రంగు మొదలుపెడితే కోతులు దిగాయి. చెక్క బయటపడితే నీళ్లు తాగుతుంది, రంగు ఆరితే తప్ప పడవ దిగదు. చూస్తే, కావ్య పేరిచ్చిన తెరచాప పడవల పోటీలు దగ్గరపడ్డాయి. ఈ ఆదివారం కూడా నీళ్లలో దిగకపోతే కావ్య తన పేరు వెనక్కి తీసుకోవాల్సిందే.

రమాకాంత్ ఉప్పు కాగితం అందుకుని కూర్చున్నాడు. "కొన్ని నీళ్లు తే బిడ్డా." చెప్పులు తడుస్తాయని ఆయన చెరువు దగ్గరికి పోడు. కావ్యే బకెట్ ముంచుకొచ్చింది. గీకుతున్నంతసేపూ ఆయన కోతులను వాటి తాత ముత్తాతల దాకా తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే కావ్యకు దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

ఇంటికి వచ్చాక నవ్వు పోయింది. అన్నాలు వడ్డిస్తున్న తల్లిని చూడగానే ఎన్నాళ్లుగానో నలుగుతున్న అనుమానం నోటి వెంట వచ్చేసింది.

"అమ్మా, శనివారం శనివారం కోతులకు అరటిపండ్లు ఏడ పెడ్తానవే?"

"ఆంజనేయస్వామి గుడికాడ," అంది యమున. "ఇంకేడ పెడ్త?"

"ఆ గుడి ధర్మసాగర్ తొవ్వలనే ఉన్నది గద. నువ్వు మప్పిన కోతులే ఆడికొస్తానయ్. నేను మునుగుతనని నీకు భయం. ఉంటే నోటితోని చెప్పు. కోతులతోని చెప్పిస్తవెందుకు?"

యమున గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నోటితోనే చెప్తాన గదనే, మొదటి దినం నుంచి. ఆ కట్టెను అమ్ముండ్రి అని."

"మీ అమ్మను ఏమనకు బిడ్డా," అన్నాడు రమాకాంత్ మెల్లగా. సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

శనివారం పొద్దున్నే తండ్రీకూతుళ్లు చివరి కోటు వేశారు. "నువ్వు పో, పొద్దూకేదాంక నేను కాపలా ఉంట," అని రమాకాంత్ షెడ్డులోనే కుర్చీ వేసుకున్నాడు. ఆ రోజు యమున గుడికి పోలేదు, గడప దాటలేదు. కూతురి ఎదురుగా కూర్చుని సాయంత్రం దాకా చిక్కుడుకాయలు ఒలిచింది.

ఆదివారం తెల్లారేసరికి పడవ నిండా చేతులు.

రమాకాంత్ కర్రతో రేకుల మీద దబదబా బాదాడు. "నేను అటు పోంగనే ఇటు దిగినట్టున్నయ్. ఇగ ఈ వారం గూడ కాదు బిడ్డా."

కావ్య కోతుల గురించి ఆలోచించడం లేదు. నిన్నంతా తల్లి కళ్లెదుటే ఉంది. పాపం, ఏ తప్పూ లేని మనిషిని ఎంత మాట అన్నాను! ఇంటికి పోగానే కాళ్లు పట్టుకోవాలి అనుకుంది. గెలిస్తే ముందు ఆమెకే చెప్పాలి అనుకుంది.

వంగి పడవంతా తడిమి చూసింది. ముద్రలే గాని, ఈసారి చెక్క ఎక్కడా బయటపడలేదు. రంగు కూడా వేలికి అంటలేదు.

"దించుదాం బాపూ."

"ఇట్లనా? అందరు నవ్వుతరు."

"నవ్వనీ."

రమాకాంత్ ఎప్పటిలాగే నీళ్లకు ఎడంగా నిలబడి చెరువును చూశాడు. చేతికర్రతో ఒకటే నేలను పొడుస్తున్నాడు. తనకన్నా ఎక్కువ సంబరం ఆయనకే అనుకుంది కావ్య.

"లైఫ్ జాకెట్ ఏసుకో బిడ్డా," అన్నాడు చివరికి. "గట్టిగ కట్టుకో."

"కొన్నవా? ఏది?"

"బండి డిక్కీల... ఆగు, ఆగు, నేను తెస్త."

అప్పటికే కావ్య స్కూటర్ సీటు ఎత్తింది. కొత్త జాకెట్, నారింజ రంగుది, ఇంకా కవరు కూడా విప్పలేదు. మురిసిపోతూ దాన్ని పైకి లాగింది.

కింద, సగం ఖాళీ అయిన పల్లికాయల సంచి ఉంది.